ఏడాదికి ఒక రోజు

ఆదివారం పేకాట మధ్యలో మా తమ్ముడు ఎర్నో తలెత్తకుండానే అడిగాడు. "అక్కా, అది ఇంకా వెలుగుతోందా?"

ఏదని నేను అడగలేదు. మా గరాజులో చలికాలపు టైర్ల వెనక, దుప్పటి కింద ఒక చెక్కపెట్టె ఉంది. దాని ఊసు మా ఇద్దరి మధ్య వచ్చి నలభై ఏళ్లయింది.

"వెలుగుతూనే ఉంది," అన్నాను.

"మంచిది. వెళ్లేలోగా ఒకసారి చూపించు."

ఆ తర్వాత ఏ ముక్క వేశానో నాకే తెలియదు. ఆట పోయింది. చూపు పోయింది తనకా నాకా అని వాడు ఎగతాళి చేశాడు.

వాడు వెళ్లేది ఆ వచ్చే శనివారం కాక పై శనివారం. కూతురు కారిన్ వచ్చి తన ఊరు టూసాన్ తీసుకుపోతోంది. వాడి కళ్లలో నడిమి చూపు పోయింది, అంచులు మాత్రం మిగిలాయి. ఎదుటి మనిషిని చూడాలంటే ముఖం పక్కకు తిప్పి కోడిలా చూస్తాడు, పేకముక్కనైనా అంతే. పోయిన నెల పొయ్యి మీద గిన్నె బదులు చెయ్యి పెట్టాడు. ఇక ఒంటరిగా ఉండకూడదని డాక్టరు చెప్పేశాడు. టూసాన్ మా టొలీడోకి రెండు వేల మైళ్లు. వాడికి డెబ్బై అయిదు, నాకు డెబ్బై ఎనిమిది. మళ్లీ ఎప్పుడు చూస్తావని నన్ను నేను అడగడం ఆ వారమే మానేశాను.

ఆ పెట్టెను ఎర్నో 1977లో మా అమ్మ వంటింటి బల్ల మీద తయారుచేశాడు. అప్పుడు ఇద్దరం గాజు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. వాడు కొలిమి దగ్గర మెకానిక్కు, నేను గ్లాసులు సర్దే వరసలో. పెట్టెలో మూరెడు గాజు గొట్టం, దాని కొస నుంచి దారమంత సన్నటి ఎర్ర లేజర్ కాంతి. ఆ కాంతి దారిలో మూడు కాఫీ డబ్బాలు. డబ్బా మూతికి డాక్టర్లు తొడుక్కునే గ్లవ్వు రబ్బరు బిగించి, దాని మీద గోరంత అద్దం ముక్క అతికించాడు. డబ్బా లోపల స్పీకరు. పాట మోగితే రబ్బరు వణుకుతుంది, రబ్బరుతో అద్దం, అద్దంతో కాంతి. గోడ మీది ఎర్ర చుక్క తీగలా సాగి మెలికల ముగ్గయిపోతుంది. పాత రికార్డు ప్లేయర్ల మోటార్లు రెండు ఆ ముగ్గును గిరగిరా తిప్పేవి. పెట్టె ముందు పన్నెండు నాబులు. పాటను బట్టి వాటిని తిప్పేది నేను. చేసింది వాడు, ఆడించింది నేను. శనివారం శనివారం స్కేటింగ్ హాలు కప్పు మీద ఆడించేవాళ్లం. పిల్లలు కాళ్లకు చక్రాలతోనే నేల మీద వెల్లకిలా పడుకుని చూసేవాళ్లు. అలా ఏడేళ్లు.

1984 మార్చిలో ఊరూరా తిరిగే పెద్ద లేజర్ షోలో వాడికి పని దొరికింది. నన్నూ రమ్మన్నాడు. అమ్మకు అప్పటికే పక్షవాతం, రానన్నాను. వ్యాను ఎక్కుతూ వాడు ఒకే మాట చెప్పాడు. "నెలకో గంట వెలిగించక్కా. వెలిగించకపోతే గొట్టం చచ్చిపోతుంది." సరే అన్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖున గరాజులో పీట వేసుకుని గంటసేపు ఆ వెలుగు ముందు కూర్చున్నాను. అక్టోబరులో అమ్మ పోయింది. డెన్వర్‌లో షో ఉందని వాడు అంత్యక్రియలకు రాలేదు. పూలు పంపాడు. నవంబరు ఒకటిన స్విచ్చు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్లీ వెలిగించలేదు. భార్య పోయాక ఆరేళ్ల కిందట వాడు ఊరికి తిరిగి వచ్చినప్పుడైనా ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

సోమవారం తెల్లారీ తెల్లారకముందే వెళ్లి ఆల్వా గేన్స్ తలుపు కొట్టాను. ఆల్వా మా వీధి చివరింటి మనిషి. నలభై ఏళ్లు టీవీలు బాగుచేశాడు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక రేడియోలు, గడియారాలు, ఎవరికీ అక్కర్లేని సామాను ముందేసుకుని కూర్చుంటాడు. మా వాళ్లు నాకు పెట్టిన పేరు ఇరేన్. హంగరీ పేర్లు ఇక్కడి నోళ్లకు తిరగవు. అందుకని ఆల్వాకు నేను మిస్ ఐరీన్‌ని.

ఆల్వా పెట్టెను తన ఇంటికి తీసుకొచ్చి మూత తీశాడు. మోటార్ల మధ్య నుంచి ఎలుక గూడు తీసి బయట పడేశాడు. రబ్బరును వేలితో తాకితే ఎండిన ఉల్లిపొట్టులా రాలిపోయింది. గొట్టాన్ని మాత్రం పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో పైకెత్తి తన బల్ల మీద పెట్టి, తన దగ్గరున్న కరెంటు డబ్బాకు కలిపాడు. గొట్టం వెలిగింది. నా ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆల్వా కొస దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే దాని మీద చుక్క పడలేదు.

"ఇది వెలగడం కాదు మిస్ ఐరీన్. ఇప్పుడిది బీరు కొట్టు కిటికీలో మెరిసే బోర్డు, అంతే."

అందులో రెండు గ్యాసులు ఉండాలిట, నియాన్, హీలియం. రెండూ ఉంటే వెలుగు పాలు కలిపినట్టు లేత నారింజగా ఉంటుందిట. హీలియం మహా సన్నటిది. అతుకుల్లోంచే కాదు, గాజులోంచి కూడా కారిపోతుందిట. గాజు ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు చేసినదాన్ని, గాజులోంచి ఏదైనా కారుతుందంటే నమ్మలేకపోయాను. అతనితో పోట్లాడాను కూడా. తర్వాత లైబ్రరీకి పోయి కాంతి మీద ఒక పుస్తకం, వాయువుల మీద ఒక పుస్తకం తెచ్చుకుని, అర్థం కానిచోట మూడేసి సార్లు చదివాను. ఆల్వా చెప్పింది నిజమే.

"మరి నెలనెలా వెలిగించి ఉంటే?" అని అడిగాను.

వెలిగించినా కారేదేనట. నెలనెలా వెలిగించే పద్ధతి పెద్ద షోల వాళ్లు వాడే వేరే రకం గొట్టాలదిట. "మీ తమ్ముడు ఒక రోగి మందు ఇంకో రోగికి రాశాడు," అన్నాడు ఆల్వా.

ఇంటికి వచ్చి టీ పెట్టుకుని, అది తాగినంతసేపు హాయిగా కూర్చున్నాను. గొట్టం చావు నా వల్ల కాదు. కప్పు కడుగుతుంటే మళ్లీ మొదలైంది. గొట్టం సంగతి సరే. మాట తప్పింది నేనే. నిన్న మధ్యాహ్నం ముక్కలు చూసుకుంటూ అబద్ధం చెప్పిందీ నేనే.

ఆల్వా రెండు దారులు చెప్పాడు. బొటనవేలంత కొత్త లేజర్లు ఇప్పుడు చవగ్గా దొరుకుతాయి. ఒకటి పెట్టెలో బిగిస్తే చాలు, అరపూట పని. ఆ కళ్లతో మీ తమ్ముడికి తేడా తెలియదు అన్నాడు. రెండో దారి పోయిన గ్యాసును పోయిన దారినే లోపలికి పంపడం. గొట్టాన్ని హీలియంలో పెట్టి ఉంచితే చుట్టూ ఉన్న గ్యాసు మెల్లగా గాజులోకి ఇంకుతుంది. పుట్టినరోజు బుడగల్లో నింపే గ్యాసే పనికొస్తుంది.

"ఎన్నాళ్లు పెట్టాలి?"

"పాత పనివాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. మూలపడ్డ ఏడాదికి ఒక రోజు."

నలభై ఏళ్లు. నాకున్నవి పదకొండు రోజులు. ఆల్వా నా ముఖం చూసి, అది గుడ్డి లెక్కేనని, పది రోజులకే వెలుగు పట్టుకున్నవీ ఉన్నాయని, ఎక్కువ తాగించినా గొట్టం పనికిరాకుండా పోతుందని, ఏదీ నమ్మకంగా చెప్పలేనని అన్నాడు. నాకు అంత నిజాయితీ అక్కర్లేదని చెప్పాను. అయినా రెండో దారే కావాలన్నాను. ఎందుకో అతను అడగలేదు.

బుడగల కొట్లో అమ్మాయి పుట్టినరోజు ఎవరిదని అడిగింది. మా తమ్ముడిదన్నాను. ఎన్నో ఏడని అడిగి, అంకెల బుడగలు కూడా కొనిపించబోయింది. గ్యాసు సిలిండరు ఒక్కటే చంకలో పెట్టుకుని బయటపడ్డాను. ఆల్వా మురుగునీటి ప్లాస్టిక్ గొట్టం కోసి, గాజు గొట్టాన్ని మెత్తటి గుడ్డతో అందులో దింపి, పైమూత బిగించి నిలబెట్టాడు. గ్యాసు తేలిక కాబట్టి కింది నుంచి ఎక్కిస్తే పైనే నిలుస్తుంది. మిగిలిన గ్యాసు కొంచెం పీల్చి, బాతు గొంతుతో "శుభోదయం మిస్ ఐరీన్" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గుక్కెడు గ్యాసు ఏ ఏడాదిదోనని లెక్క వేసుకుంటున్నాను.

రోజూ పొద్దున ఏడింటికి వెళ్లేదాన్ని. మూత బిగువుగా ఉందా, గ్యాసు ఉందా, ఎవరైనా తన్నేశారా. ఒక్కసారి బయటకు తీసి చూద్దామని బతిమాలేదాన్ని. ఉడికే అన్నం మూత అస్తమానం తీయకూడదని మీ ఇంట్లో చెప్పలేదా అనేవాడు ఆల్వా. మా ఇంట్లో అన్నం వండం, నూడుల్స్ వండుతాం అనేదాన్ని. అతనికి పని అడ్డం వస్తోందని తెలిసీ కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. ఇంట్లో కూర్చుంటే వీధిలో ఆగిన ప్రతి కారూ కారిన్‌దే అనిపించేది, వారం ముందే వచ్చేసిందేమోనని.

ఎనిమిదో రోజుకు డబ్బాలు తయారయ్యాయి. కొత్త రబ్బరు, కొత్త అద్దం ముక్కలు. ఆల్వా పని చేతిలో పెట్టుకు చూడాలి. కంపాసుతో గుండ్రం గీసి, అద్దాన్ని సరిగ్గా నడిమధ్యన, వెంట్రుకవాసి తేడా లేకుండా అతికించాడు. తన దగ్గరున్న చిన్న కొత్త లేజరుతో పరీక్షిద్దామని రేడియో పెట్టాడు. రబ్బరు దడదడలాడుతోంది. గోడ మీద చుక్క మాత్రం చుక్కగానే నిలబడింది. ధ్వని పెంచాడు. చుక్క అదిరింది గానీ సాగలేదు. స్పీకర్లు విప్పాడు, బిగించాడు. తనలో తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు.

నేను డబ్బాను అరచేతిలోకి తీసుకున్నాను. ఏడేళ్లు వారం వారం నేనే రబ్బరు మార్చేదాన్ని. ఇందులో ఏదో తప్పని కళ్లకు ముందు వేళ్లకు తెలిసింది.

"అద్దం మధ్యలో పెట్టావు."

"మధ్యలో కాక ఎక్కడ పెడతారు?"

"పక్కకి. అంచుకూ మధ్యకూ నడుమ. మధ్యలో ఉంటే ముందుకీ వెనక్కీ ఊగుతుందంతే, వంగదు. వంగితేనే గీత."

ఆల్వా డబ్బా వంక, నా వంక చూశాడు. "నలభై ఏళ్లు టీవీల్లో ప్రతిదీ నడిమధ్యకి తేవడమే నా పని," అన్నాడు దిగులుగా. ఆ పూటంతా నేను వేలితో చోటు చూపిస్తుంటే అతను అతికించాడు. మూడు డబ్బాలకు మూడు చోట్లు. చోటు మారితే ముగ్గు మారుతుంది. సాయంకాలానికి గోడ మీద ఎర్ర తీగ లేచి మెలిక తిరిగింది. కొత్త లేజరుతోనే, ఎంతో ప్రకాశంగా. ఇది చాలదా అన్నట్టు చూశాడు ఆల్వా. నేను లేచి వచ్చేశాను.

శుక్రవారం పదకొండింటికి కారిన్ వాళ్ల నాన్నను మా గరాజు దగ్గర దింపింది. అట్టపెట్టెలు కొనుక్కుని గంటలో వస్తానని వెళ్లింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఎదుటి గోడకు తెల్ల దుప్పటి పరిచి ఉంచాం. ఆల్వా పొద్దున ఆరింటికే పెట్టెనూ గొట్టాన్నీ తెచ్చి బిగించాడు గానీ వెలిగించి చూడలేదు. ఉన్నది నాలుగు నిమిషాలే అయితే ఆ నాలుగూ ఆయన ముందే పోనీ అన్నాడు. చొక్కా జేబులో చిన్న లేజరు పెట్టుకుని నిలబడ్డాడు. అది చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఎర్నో కుర్చీని పక్కకు తిప్పించుకున్నాడు. దుప్పటి వైపు చెవి, తలుపు వైపు ముఖం. అలా అయితేనే అంచు చూపుకు దుప్పటి దొరుకుతుంది.

ఆల్వా స్విచ్చు వేశాడు. సన్నగా కీచుమన్న చప్పుడు. గొట్టం రెప్పలార్పినట్టు రెండుసార్లు వెలిగి ఆరి, మూడోసారి నిలిచింది. లేత నారింజ. దుప్పటి మీద మిరియపు గింజంత ఎర్ర చుక్క. కొత్త లేజరులో సగం కూడా లేదు వెలుగు. అయినా ఉంది.

ఎర్నో ముఖం అటూ ఇటూ జరిపి చుక్కను వెతుక్కున్నాడు. "కనిపిస్తోంది," అన్నాడు. ముఖం అలాగే పట్టి ఉంచి అన్నాడు, "నలభై ఏళ్లు. నెలనెలా. అమ్మ పోతే నేను రాలేదు. నువ్వు మాత్రం దీన్ని ఆరనివ్వలేదు. అక్కడ అందరికీ ఇదే చెప్తాను, మా అక్క ఇలాంటిదని."

ఆల్వా నేల చూపులు చూస్తున్నాడు. నేను మాట్లాడకపోతే చాలు. నా అబద్ధానికి ఆ పెట్టే సాక్ష్యం చెప్పేసింది. రేపు ఈపాటికి వాడు ఊరు దాటి ఉంటాడు.

మేం హంగరీ విడిచింది 1956లో, అక్కడ తిరుగుబాటును అణిచేసినప్పుడు. నాకు పదేళ్లు. పిన్ని ఊరికి వెళ్తున్నాం, ఆదివారానికి వచ్చేస్తాం అని అమ్మ గుమ్మంలో మా నాయనమ్మకు చెప్పింది. నాయనమ్మ నా వైపు చూసింది. సరిహద్దు దాటబోతున్నామని నాకు తెలుసు. అయినా తల ఊపాను. దారిలో తినమని గసగసాల రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎన్ని ఆదివారాలు ఆ గుమ్మంలో నిలబడిందో ఎవరూ మాకు రాయలేదు.

"ఎర్నో, నేను వెలిగించలేదు," అన్నాను.

వాడు ముఖం ఇంకొంచెం తిప్పాడు, నన్ను అంచున దొరకబుచ్చుకోవడానికి.

"ఏడు నెలలే వెలిగించాను. అమ్మ పోయాక మానేశాను. నీ మీద కోపంతో. మొన్న నీకు అబద్ధం చెప్పాను. ఈ పదకొండు రోజుల్లో ఆల్వా బతికించాడు దీన్ని."

కాఫీ చూసి వస్తానని ఆల్వా లోపలికి వెళ్లిపోయాడు. వెలిగించినా చచ్చేదేనన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను. అది వాడి తప్పును చూపించి నా తప్పును తుడుచుకోవడం అవుతుంది.

"ఇది చెప్పకపోతే ఏం పోయింది?" అన్నాడు వాడు చివరికి. "రెండు వేల మైళ్లు హాయిగా పోయేవాణ్ణి."

"నేను హాయిగా ఉండలేను."

"నీ బెంగ అస్తమానం మనిషి గుమ్మం దాటేటప్పుడే పంచుతావు." మోకాళ్ల మీద అరచేతులు రుద్దుకున్నాడు. "ఆ రోజు షో లేదక్కా."

"ఏ రోజు?"

"అమ్మని పూడ్చిన రోజు. డెన్వర్‌లో ఆ వారమంతా షో లేదు. బస్సు టికెట్టు కొనుక్కుని హోటల్ గదిలో కూర్చున్నాను. వస్తే నువ్వు మళ్లీ పోనివ్వవని. నేనూ పోలేనని."

నలభై ఏళ్లు నేను ఆ షోను తిట్టాను, ఆ షో చూడ్డానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని డెన్వర్ జనాన్ని తిట్టాను. కోపం తన్నుకు వచ్చింది. పీట జరుపుకుని లేవబోయాను కూడా. గొట్టం కీచుమంటోంది. చుక్క ఒకసారి సన్నగిల్లి మళ్లీ తేరుకుంది.

"వెలుగు వృథా అవుతోంది," అన్నాడు ఎర్నో. "తిట్టేది ఉంటే ఆడిస్తూ తిట్టు."

రేడియో పెట్టాను. పాట రాలేదు. ఎవరో రేపటి వాతావరణం చెబుతున్నాడు, సరస్సు మీద నుంచి గాలి, మధ్యాహ్నానికి జల్లులు. ఆ మాటలకే తీగ లేచింది. నాబుల మీద నా వేళ్లు కొయ్యల్లా ఉన్నాయి. మొదటి డబ్బా దారిలోకి వచ్చింది, రెండోది రాలేదు. తిప్పుతూ తిట్టాను. అమ్మ చివరి వారం చెప్పాను, వాడి పేరు ఎన్నిసార్లు పిలిచిందో చెప్పాను, పూలతో వచ్చిన చీటీ మీద వాడి సంతకం కూడా లేదని చెప్పాను. వాడు అన్నిటికీ తల ఊపాడు. వాతావరణం అయిపోయి పాట మొదలైంది. మోటారు తిరిగింది, తీగ గుండ్రమయింది, గుండ్రం విచ్చుకుంది.

"ఎడమ చెయ్యి ఆలస్యం," అన్నాడు ఎర్నో.

"నా చేతుల వయసు తెలుసా నీకు?"

"అప్పుడూ ఆలస్యమే."

ఆల్వా కాఫీ కప్పులు పట్టుకుని లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. వెలుగు మునుపటికన్నా పలచబడింది. ఇంకెంతసేపు ఉంటుందో తెలియదు. అయినా వేళ్లు ఆగలేదు. సరిగ్గా అప్పుడే కారిన్ అట్టపెట్టెలతో వచ్చి గరాజు తలుపు ఎత్తింది. పట్టపగటి ఎండ దుప్పటి మీద పడి ఎర్ర గీతలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి.

"నాన్నా, ఇక ఇంటికి బయలుదేరదామా?" అంది కారిన్.

"తలుపు వెయ్యి," అన్నాడు ఎర్నో, కుర్చీలోంచి లేవకుండా. "మీ అత్త ఆడిస్తోంది."